ఎండనూ వాననూ కాపురానికి తెచ్చుకున్న మా బావ

చంద్రగిరి దాటాక తారురోడ్డు వదిలి, అడవి అంచుకు పోయే మట్టిదారి పట్టుకుంటే మా బావ మామిడితోట వస్తుంది. కరెంటు స్తంభాలు దానికి చాలా ముందే అలిసిపోయి ఆగిపోయాయి. ఆ తోటలోని రేకుల ఇంట్లో ఎండ చేత ఫ్యాను తిప్పించి, వానను చెవి పట్టుకుని తొట్టిలోకి నడిపించిన మొనగాణ్ని నేనే. ఆలోచన నాది, కొలతలు నావి, ఆఖరి బోల్టు బిగించిన చెయ్యి కూడా నాదే.

ఈ మాట పెళ్లిభోజనాల్లో చెప్పాను. తిరుపతి బస్టాండులో చెప్పాను. కంటి ఆసుపత్రిలో చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు, పక్కన తగిలిన మోచెయ్యి ఎవరిదో తెలియకుండానే ఆ మోచేతికి కూడా చెప్పాను. శ్రీహరికోట నుంచి రాకెట్ల మనిషి ఒకాయన పనిగట్టుకుని వచ్చి, ఇంటి చుట్టూ తిరిగి చూసి, "ఇది చేసిందెవరు?" అని అడిగాడని కూడా కలిపాను. వినేవాళ్లు నోరు తెరిస్తే నాకు ఆగదు. అది నా జబ్బు.

ఇప్పటికీ నోరు తెరిచి వినేవాళ్లు దొరుకుతున్నారు. "కోసినావులే బామ్మర్దీ, ఇంక నిచ్చెన పట్టుకో" అని నా నోరు మూయించే మనిషే లేడు. ఎండాకాలంలో పోయాడు.

పోయిన వారం తిరుపతిలో వాన దంచింది. మా మిద్దె మీది నీళ్లు గొట్టంలోంచి ధారగా వీధిలోకి దూకుతున్నాయి. ముందుగదిలో మంచం మీద మా అక్క, ముక్కుకు సన్నటి గొట్టం తగిలించుకుని, ఆ చప్పుడు వింటోంది. బావ పోయాక ఆమెనూ, ఆమె ఆక్సిజన్ మిషనునూ మా ఇంటికి తెచ్చుకున్నాం. చాలాసేపు విని, "ఒరేయ్, యెన్ని నీళ్లురా! అన్నీ వీధిలోకి పారబోస్తా ఉండారే. ఆయన సూసింటే మీ ఇంట్లో గ్లాసు నీళ్లు కూడా ముట్టడు" అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది. మా ఇంటామె బయటికి వెళ్లి మిద్దె గొట్టం కింద బిందె పెట్టింది. అది నిండి పొర్లిపోయింది. ఇంకోటి పెట్టలేదు. ఆ సాయంత్రమే కాగితాలు ముందేసుకున్నాను.

ముందు నా కోత సంగతి తేల్చేస్తాను. సోలార్ పలకలు బిగించిన రోజు నేను చేసిన పని నిచ్చెన పట్టుకోవడం. అది కూడా పూర్తిగా చేయలేదు. మధ్యలో కాఫీ వాసన వస్తే వదిలేసి పోయాను, బావ రేకుల మీద ఇరుక్కుపోయి అడవి దద్దరిల్లేటట్టు కేకలేశాడు. బోల్టు ఒకటి నా చేతిలోకి వచ్చిన మాట నిజమే. గడ్డిలో పడిపోతే వెతికి ఇచ్చాను. ఇక రాకెట్ల మనిషి అంటే, అక్కడి క్యాంటీనులో వంట చేసి రిటైరైన మా దూరపు చుట్టం. ఇంటి చుట్టూ తిరిగాడు, అదీ నిజమే. మామిడికాయలు ఎక్కడ బాగా కాశాయో చూసుకోవడానికి తిరిగాడు. "ఊరగాయకు నాలుగు కాయలు ఇస్తారా?" అన్నది ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న.

పని మొత్తం బావది. అవసరం మా అక్కది.

బావ ఒకప్పుడు బెల్లం వండేవాడు. చిత్తూరు బెల్లం అంటే ఆయన చేతి అచ్చు ఎలా ఉంటుందో చెప్పి అమ్మేవాళ్లు. బావ పాకం చూస్తుంటే అక్క పొయ్యి గుంత దగ్గర కూర్చుని చెరుకు పిప్పి ఎగదోసేది. ఆ పొగలో ఎన్నో ఏళ్లు కూర్చుంది. గానుగ మూతపడి, చెరుకు తీసేసి మామిడి పెట్టిన చాన్నాళ్లకు ఆయాసం మొదలైంది. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని చెప్పారు. గాలిలోంచి ఆక్సిజన్ పట్టి ఇచ్చే మిషను ఒకటి ఇంట్లో పెట్టుకోవాలన్నారు. పగలూ రాత్రీ నడవాలన్నారు.

మిషనుకు కరెంటు కావాలి. తోటకు స్తంభాలు రావాలంటే అడవి భూమి దాటాలి, కుదరదన్నారు. మా ఇంటికి రమ్మంటే అక్క వచ్చి కొన్నాళ్లు ఉంది. "మీ వీధిలో గాలి కూడా క్యూలో నిలబడి వస్తా ఉండాదిరా" అని తోటకే తిరిగిపోయింది. ఆ ఏడే తోటలో బోరు కూడా ఎండిపోయింది. బావ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆకాశం వైపు మొహం ఎత్తి, అప్పు అడగబోయేవాడిలాగా చాలాసేపు నిలబడ్డాడట. తర్వాత లోపలికి వచ్చి, "యెండా వానా రెండూ పైనుంచే వస్తా ఉండాయి గదా. వాటినే తెచ్చుకుందాం" అన్నాడట. ఇది నా కల్పన కాదు, అక్క చెప్పింది.

తిరుపతి నుంచి సోలార్ మేస్త్రి ఒకడు వచ్చాడు. పలకల దగ్గర పేచీ రాలేదు. తొట్టి దగ్గర వచ్చింది.

"పెద్దాయనా, మీ రేకుల వాలు నైరుతికి ఉండాది. ఆ మూలన తొట్టి కడితే వాన నీళ్లు వాటంతటవే దిగిపోతాయి" అన్నాడు మేస్త్రి.

"నైరుతిలో నీళ్లా? ఈడ మా ఇంటామె ఊపిరే అంతంతమాత్రంగా ఉండాది. తొట్టి ఈశాన్యంలోనే ఉండల్ల."

"అట్లయితే ఇల్లు తిప్పల్ల."

"ఇల్లు యాల తిప్పేది? పైపు తిప్పప్పా."

మేస్త్రి నా మొహం చూశాడు. నేను ఆకాశం చూశాను. పైపు తిరిగింది. నైరుతిలో బయలుదేరి ఇంటికి ప్రదక్షిణ చేసినట్టు గోడ వెంబడి సాగి ఈశాన్యం చేరింది. దానికి వాలు దొరకడానికి తొట్టిని నేలలోకి దించాల్సి వచ్చింది. నేల చూస్తే బండ. తవ్వినవాళ్లు బావను ఏమని తిట్టుకున్నారో ఇక్కడ రాయలేను.

మొదటి వానకు ఆ పైపు ప్రతి అతుకు దగ్గరా పిచికారీ కొట్టింది. బావ పాత సైకిలు ట్యూబు ముక్కలు పట్టుకుని ఇంటి చుట్టూ పరుగు. ఒకచోట కట్టేసరికి ఇంకోచోట చిమ్మేది. ఆయన వెనక నేను, నా వెనక కుక్క. అక్క గడప దగ్గర నిలబడి, "ఏందయ్యా, ఇంటికి అభిషేకం చేస్తా ఉండావా?" అని నవ్వింది. నవ్వు ఎక్కువై దగ్గు వచ్చింది. దగ్గు ఆగలేదు. బావ చేతిలోని ట్యూబు ముక్క వదిలేసి, బురదకాళ్లతోనే లోపలికి వెళ్లి ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాడు. బయట వానంతా నేలపాలైంది. ఆ రోజు ఆయన మళ్లీ పైపు వైపు చూడలేదు.

తర్వాత ఒకసారి అడిగాను, "నిజంగా వాస్తును నమ్ముతావా బావా?" అని.

"యేమో బామ్మర్దీ. ఆమె విషయంలో యే సందూ వదిలేది లేదు" అన్నాడు. అంతే.

ఆయన రోజు ఎట్లా మొదలయ్యేదో చెప్పాలి. తెల్లారగానే అక్క పాత నూలుచీర ముక్క తడిపి, నిచ్చెనెక్కి, పలకలను ఒక్కొక్కటే తుడిచేవాడు. పైనుంచి కిందికి, మూలల్లోకి వేలుపెట్టి, బడికి పోయే పిల్లల మొహం కడిగినట్టు. తోట దుమ్ము, మామిడిపూత జిగురు, కోతులు చేసిన పని, అన్నీ పోవాలి. "మసక మొగంతో నిలబడితే యెండకు మాత్రం ఏం కనపడతాది?" అనేవాడు. దిగివచ్చి బ్యాటరీల దగ్గర కూర్చుని వాటి మీద అరచేత్తో తట్టేవాడు, దున్నివచ్చిన ఎద్దు వీపు తట్టినట్టు. "నిన్న బాగా మోసినాయి పాపం" అనేవాడు.

తొట్టి నీళ్లలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, కంటి దగ్గర పెట్టుకుని చూసేవాడు. పాకం చూసిన వేళ్లు అవి. నీళ్లలో తీగ సాగదని ఆయనకు తెలుసు, వేళ్లకు తెలియదు.

ఏడాదికి మొదటి వానను తొట్టిలోకి రానిచ్చేవాడు కాదు. పైపు మూతి తీసేసి మిరపమళ్లలోకి వదిలేసేవాడు. "ఇది ఇల్లు మొగం కడుక్కున్న నీళ్లు, తాగేవి కావు" అని. రేకులు కడిగి కడిగి నీళ్లు తేరుకున్నాక మూతి బిగించి, "ఇంక రా తల్లీ" అని పిలిచేవాడు. ఆ పిలుపు వింటే కొత్తకోడలు గడప దాటుతోందేమోనని వీధివైపు చూడాలనిపించేది. అక్కడ వీధి లేదనుకోండి.

చుట్టాలెవరైనా వచ్చి ఫోనుకు ఛార్జింగు పెట్టబోతే అడ్డం వెళ్లి నిలబడేవాడు. "మీ ఫోను తిరుపతిలోనే తినేసి రావల్ల. ఈడ భోజనం మనుషులకే." నా ఫోనును ఒకసారి బయట విసిరేశాడని చాలామందికి చెప్పాను. విసరలేదు. తీసి నా చేతిలో పెట్టాడు, మర్యాదగానే.

మిషనుకు ఒక చిన్న సీసా ఉంటుంది. గాలి ఆ సీసాలోని నీళ్లగుండా బుడబుడమంటూ పోయి, తడి పట్టుకుని ముక్కులోకి వెళుతుంది. ఆ నీళ్లు లేకపోతే ముక్కు ఎండి రక్తం వస్తుంది. శుద్ధి చేసిన నీళ్లు పోయాలని డాక్టరు చెబితే తిరుపతి నుంచి సీసాలు కొనుక్కుని వెళ్లాను. బావ ఒకటి తీసుకుని ఎండకు ఎత్తి చూశాడు, వాసన చూశాడు, తిప్పి తిప్పి చూశాడు. "ఇది యే ఊరి వాన బామ్మర్దీ?" అన్నాడు.

"ఇది వాన కాదు బావా, ఫ్యాక్టరీలో చేసేది."

"అట్లయితే మనకు తెలిసింది కాదు" అని కరివేపాకు మొక్కకు పోశాడు.

ఆ తర్వాత రోజూ ఆయన చేసిన పని ఒకటుంది. వాన నీళ్లు కాచి, చల్లార్చి, తెల్లగుడ్డలో వడపోసి, మళ్లీ కాచి, ఆ సీసాలో గీత దాకా పోసేవాడు. గీతకు వెంట్రుకవాసి పైకి పోతే ఒంపి మళ్లీ పోసేవాడు. పొయ్యి మాత్రం ఇంటికి దూరంగా, మామిడిచెట్ల అవతల పెట్టాడు. మంట ఆమె దగ్గరికి రాకూడదు, పొగ ఆమె వైపు చూడకూడదు. గాలి ఇటు తిరిగితే నీళ్లు సగం కాగుతున్నా సరే పొయ్యి ఆర్పేసేవాడు. నేను మంచం పక్కన కూర్చుని ఆ బుడగలు చూస్తూ, ఎండ నడిపే మిషనులోంచి వాన మీదుగా మా అక్క ఊపిరి తీసుకుంటోందని అనుకునేవాణ్ని. ఈ మాట ఆయనతో అంటే, "ఇది కోత కాదబ్బా, బాగుండాది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

బావ రెండు చిరుతలను చప్పట్లు కొట్టి తరిమాడని నేను చెప్పుకుని తిరిగిన కథ కూడా చెప్పాలి. ఒకటే. చిరుతేనా అంటే, చీకటి పడుతున్న వేళ, పొద మాటున తోక కనిపించింది. బావ అరవలేదు. చేతులు తడుతూ, గొంతు తగ్గించి, "పో పో, ఆమె ఇప్పుడే కండ్లు మూసింది" అన్నాడు. అది ఏదైతేనేం, పోయింది.

మా వైపు అసలు వానలు దసరా దాటాక, సముద్రం నుంచి వస్తాయి. అక్కడే ఉంది చిక్కు. తొట్టి నిండే రోజుల్లో ఎండ ఉండదు. ఎండ కాసే రోజుల్లో తొట్టి నిండదు. బావ తెచ్చుకున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోని సవతులు. పోయినేడు వాయుగుండం పట్టి, రోజుల తరబడి పొద్దు కనిపించకుండా కురిసింది. తోటకు ఫోను చేస్తే పలకలేదు. నేను బయలుదేరాను. పొంగిన వంకను ఈదుకుంటూ పోయానని చెప్పుకున్నాను గానీ, ట్రాక్టరు మీద పోయాను. దిగేటప్పుడు కాలుజారి మోకాలిదాకా తడిసిన మాట మాత్రం వాస్తవం.

వెళ్లేసరికి తొట్టి పొర్లిపోతోంది. ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది, ఫ్రిజ్జు తలుపు తెరిచి అందులో మడతపెట్టిన దుప్పట్లు పెట్టారు. మిషను ఒక్కటే నడుస్తోంది. మూలన పెద్ద ఆక్సిజన్ సిలిండరు గోడకు కట్టేసి ఉంది. "అది ఆఖరుకు" అన్నాడు బావ, దానివైపు చూడకుండా. గడ్డం పెరిగిపోయింది. బ్యాటరీ మీద చెయ్యి ఉంది. తట్టడం లేదు, ఊరికే పెట్టి ఉంచాడు.

"జనరేటరు పంపిస్తానంటిని గదా బావా?"

"పంపిస్తానంటివి. యాడ?"

నేను మాట మార్చాను. జనరేటరు మాట కూడా నేను పెళ్లిభోజనంలో అన్నదే.

సందె దీపం వేళైంది. ఆక్సిజన్ ఉన్న చోట మంట ఉండకూడదు గనుక దేవుడి దీపాన్ని ఎప్పుడో వసారాలోకి మార్చారు. వానజల్లుకు అది నిలవలేదు. ఇంట్లో ఉన్న వెలుగల్లా అక్క తల పైన చిన్న బల్బు. బావ లేచాడు, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు, ఆ బల్బు ఆర్పేశాడు.

"సందేళ ఇల్లు చీకటి చేస్తే యెట్ల బావా? లక్ష్మి వచ్చే పొద్దు."

"వచ్చే లక్ష్మి రాకపోయినా ఫరవాలేదు. ఉండేది ఉంటే చాలు. నువ్వు మాట్లాడకుండా కూసో."

కూర్చున్నాను. మిషను మీద ఆకుపచ్చ చుక్క ఒక్కటే కనిపిస్తోంది. రేకుల మీద వాన. సీసాలో బుడగలు. అక్క ఊపిరి బరువుగా, మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తోంది. బావ మంచం పక్కన పీట వేసుకుని, గొట్టం మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడని తెలుసు, మనిషి మాత్రం కనిపించడు. నాలాంటివాడు ఆ రాత్రంతా మాట్లాడకుండా ఉన్నాడంటే మీరు నమ్మాలి.

తెల్లవారేసరికి తూర్పున మబ్బు పలచబడింది. బావ చీరముక్క భుజాన వేసుకుని అప్పటికే రేకుల మీద ఉన్నాడు. సిలిండరు కట్టు విప్పే పని పడలేదు.

ఆ తర్వాత కూడా నేను ఎప్పుడు తోటకు వెళ్లినా, సాయంత్రమయ్యేసరికి ఆ ఇల్లు చీకటే. పొదుపు ఆయన ఒంట్లోకి ఇంకిపోయిందనుకున్నాను. కనిపించినవాళ్లందరికీ చెప్పాను. మా బావలాంటి ధైర్యవంతుణ్ని నేను చూడలేదు. ఇంటిమీద ఆకాశం కూలుతున్నా, కంటికి అందిన కాస్త వెలుతురును కూడా తను వాడుకోకుండా ఆమె ఊపిరికి పంపించిన మనిషి. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

ఆయన పోయింది మండుటెండల రోజుల్లో. పొద్దున్నే పలకలు తుడిచాడు. దిగివచ్చి, "మజ్జిగ ఉంటే పెట్టు, తొట్టి చూసి వస్తా" అని వెళ్లి, తొట్టి గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. అక్క మజ్జిగ గ్లాసుతో వచ్చింది. ఆమె ముక్కు గొట్టం గడపదాకే వస్తుంది. అక్కణ్నుంచి పిలిచింది. మళ్లీ పిలిచింది. గొట్టం తీసి తలుపు గొళ్లేనికి తగిలించి, ఎండలోకి నడిచింది. మామిడికాయలు కోయడానికి వచ్చిన ఆడవాళ్లు చూసేసరికి, ఆయన భుజానికి తల ఆనించి ఆమె నోటితో గాలి అందుకుంటోంది. గ్లాసులో మజ్జిగ ఒలకలేదు. ఇంట్లో మిషను నడుస్తూనే ఉంది. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి.

ఇంతవరకు రాసి, నిన్న అక్కకు చదివి వినిపించాను. పైపు దగ్గర నవ్వింది. చిరుత దగ్గర, "పిల్లి" అంది. మజ్జిగ దగ్గర గోడవైపు తిరిగింది. అంతా అయ్యాక కళ్లు తుడుచుకుని, "అంతా ఉండనీ. ఒకటి కొట్టేయ్" అంది.

"ఏంది అక్కా?"

"ధైర్యమని రాసినావే, అది. ఆ చిన్న బల్బు ఏం తింటాదిరా బ్యాటరీని? మిషను తినేదాని ముందర అది చీమ తిన్నంత. ఆయనకు తెల్దా ఆ మాత్రం? యెండాకాలంలో బ్యాటరీ పొంగిపోతా ఉన్నా ఆర్పేసేవాడు."

"మరి యెందుకు ఆర్పేది?"

ఆమె ఊపిరి కోసం కాసేపు ఆగింది.

"సందేళైతే నాకు ఆయాసం ఎక్కువైతాది. పెదాలు నల్లబడతాయి. పొయ్యి గుంత కాడ కూసోబెట్టింది తనే గదా. నా మొగం సూడలేక ఆర్పేవాడు. ఉత్త పిరికోడురా మీ బావ. అట్లే రాయి."